అమ్మ పేరున సైకిలు యాత్ర

మన ఊళ్లలో ఒక మంచి అలవాటు ఉంది. ఇంట్లో మనిషి పోతే ఆ మనిషి పేరున ఏదో ఒక మంచి పని చేస్తారు. ఎండాకాలం చలివేంద్రం పెడతారు. బస్సు ఆగే చోట అరుగు కట్టిస్తారు. బడి పిల్లలకు పలకలు, పుస్తకాలు కొనిస్తారు. అరుగు మీద ఒక రాయి ఉంటుంది. రాయి మీద "ఫలానా ఆమె జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ రాత మనం చదవగలం. ఆ మనిషి లేదు. కానీ ఆమె పేరున పదిమందికి నీడ ఉంది.

అమెరికా దేశంలో ఒక కొడుకు కూడా ఇలాగే తల్లి పేరున ఏదైనా చేయాలనుకున్నాడు. అతను అరుగు కట్టించలేదు. సైకిలు ఎక్కాడు. స్నేహితులను కూడా సైకిళ్లు ఎక్కించాడు. ఆ పని 1980లో మొదలైంది. నలభై ఏళ్లు దాటినా ఆగలేదు. ఎంతోమంది రోగుల వైద్యానికి ఆ పని అక్కరకు వచ్చింది. ఆ కథే ఈ పాఠం.

బిల్లీ ఇంట్లో కష్టం

అతని పేరు బిల్లీ స్టార్. అమెరికాకు తూర్పు వైపున, సముద్రం ఒడ్డున మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని బోస్టన్ నగరం. బిల్లీది ఆ ప్రాంతమే.

బిల్లీ తల్లి పేరు బెట్టీ. ఆమెకు క్యాన్సర్ వచ్చింది. మన పెద్దవాళ్లు ఈ జబ్బును రాచపుండు అనేవాళ్లు. బెట్టీకి వచ్చింది చర్మానికి వచ్చే క్యాన్సర్. దాని పేరు మెలనోమా. 1974లో ఆమె చనిపోయింది. అప్పటికి ఆమెకు 49 ఏళ్లే. బిల్లీ అప్పుడు ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడు.

కష్టం అక్కడితో పోలేదు. దగ్గరి బంధువులు ఇద్దరు కూడా క్యాన్సర్‌తోనే పోయారు. ఒకే జబ్బు ఒకే కుటుంబంలో ముగ్గురిని తీసుకుపోయింది.

ఆ రోజుల్లో క్యాన్సర్ పేరు గట్టిగా చెప్పడానికే జనం భయపడేవాళ్లు. "ఏదో పెద్ద జబ్బట" అని గుసగుసలాడేవాళ్లు. రోగి ఇంట్లోవాళ్లు కూడా బయటికి చెప్పుకోలేకపోయేవాళ్లు. దుఃఖం ఇంట్లోనే ఉండిపోయేది. మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇదే తంతు కదా!

బిల్లీకి సైకిలు తొక్కడం ఇష్టం. బోస్టన్ నుంచి ప్రొవిన్స్‌టౌన్ అనే ఊరికి సైకిలు మీద పోయేవాడు. ప్రొవిన్స్‌టౌన్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల మీద, చిట్టచివర ఉంది. అక్కడితో దారి అయిపోతుంది. ఆపైన అంతా నీళ్లే. అంత దూరం తొక్కి, తిరిగి పడవలో ఇంటికి వచ్చేవాడు.

ముప్పై ఆరు మంది

1980లో బిల్లీకి ఒక ఆలోచన వచ్చింది. ఒక్కడు తొక్కితే అది సరదా. పదిమంది కలిసి తొక్కితే? ఆ తొక్కడం వల్ల క్యాన్సర్ ఆసుపత్రికి నాలుగు డబ్బులు వస్తే?

స్నేహితులను అడిగాడు. వాళ్లు తమ స్నేహితులను అడిగారు. మొత్తం 36 మంది అయ్యారు. 1980 సెప్టెంబరు నెలలో వాళ్లు బయలుదేరారు. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు రాష్ట్రానికి పడమటి వైపున ఉంది. అక్కడి నుంచి తూర్పు కొసన ఉన్న ప్రొవిన్స్‌టౌన్‌కు రెండు రోజుల ప్రయాణం.

బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లారు. తాము తొక్కబోయే యాత్ర గురించి చెప్పారు. క్యాన్సర్ పరిశోధనకు తోచినంత ఇమ్మని అడిగారు. ఇలా చందా ఇవ్వడాన్ని విరాళం అంటారు. అంతా కలిపితే 10,200 డాలర్లు అయింది. మనకు రూపాయి ఎలాగో అమెరికావాళ్లకు డాలరు అలాగ.

36 మందికి పంచి చూస్తే ఒక్కొక్కరి వంతు 283 డాలర్లు. ఒక పెద్ద ఆసుపత్రికి అది పెద్ద మొత్తమేమీ కాదు. అయినా మరుసటి ఏడు మళ్లీ వెళ్లారు. ఆ మరుసటి ఏడు కూడా వెళ్లారు. ప్రతి ఏడూ కొత్తవాళ్లు చేరుతూ వచ్చారు.

ఈ యాత్రకు పాన్-మాస్ చాలెంజ్ అని పేరు పెట్టారు. 'మాస్' అంటే మసాచుసెట్స్. 'పాన్' అంటే అంతటా. 'చాలెంజ్' అంటే సవాలు. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు సైకిలు మీద పోయే సవాలు అన్నమాట.

డబ్బే ఇవ్వవచ్చు కదా, సైకిలు ఎందుకు?

ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. డబ్బు కావాలంటే డబ్బే వసూలు చేయవచ్చు. రెండు రోజులు ఒళ్లు హూనం చేసుకోవడం ఎందుకు?

మన దగ్గర మొక్కు తీర్చుకునేవాళ్లను చూడండి. తిరుమలకు బస్సు ఉంది. అయినా మెట్లు ఎక్కి పోతారు. శ్రీశైలానికి రోడ్డు ఉంది. అయినా శివరాత్రికి అడవి దారిన నడిచి పోతారు. కష్టపడి చేసిన పనికి మనసులో విలువ ఎక్కువ. చూసేవాళ్లకు కూడా ఆ మనిషి మీద నమ్మకం కలుగుతుంది.

సైకిలు యాత్రలోనూ అంతే. ఊరికే వచ్చి చెయ్యి చాస్తే "చూద్దాంలే" అంటారు. "మా స్నేహితురాలు క్యాన్సర్‌తో పోయింది. ఆమె పేరున మూడు వందల కిలోమీటర్లు తొక్కుతున్నాను" అంటే ఆగి వింటారు. ఆ మనిషి పడబోయే కష్టం కళ్లకు కనిపిస్తుంది. జేబులో చెయ్యి పెడతారు.

ఇంకో లాభం కూడా ఉంది. విరాళం అడగాలంటే జబ్బు పేరు చెప్పాలి. పోయిన మనిషి పేరు చెప్పాలి. అప్పుడు వినేవాళ్లు కూడా నోరు విప్పుతారు. "మా అత్తకు కూడా వచ్చింది", "మా తమ్ముడికి మందులు వాడుతున్నాం" అని చెప్తారు. దాచుకున్న దుఃఖం బయటికి వస్తుంది. భయం కొంచెం తగ్గుతుంది. డబ్బు ఒక్కటే వసూలు చేస్తే ఈ మాటలు సాగవు.

యాత్ర ఎలా సాగుతుంది?

ఇప్పుడు ఈ యాత్ర ప్రతి ఏడూ ఆగస్టు నెల మొదటి శని, ఆదివారాలలో జరుగుతుంది. దారులు చాలా ఉన్నాయి. ఓపికను బట్టి ఎవరికి నచ్చిన దారి వాళ్లు ఎంచుకోవచ్చు. అందరికీ తెలిసిన పాత దారి స్టర్‌బ్రిడ్జ్ అనే ఊరి నుంచి ప్రొవిన్స్‌టౌన్‌కు పోతుంది. దూరం సుమారు 300 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయి, ఇంకా కొంచెం ముందుకు పోయినంత.

తెల్లవారుజామునే బయలుదేరతారు. తలకు హెల్మెట్ లేనిదే ఎవరినీ తొక్కనివ్వరు. మధ్య మధ్య మజిలీలు ఉంటాయి. అక్కడ మంచినీళ్లు, పండ్లు, తిండి ఇస్తారు. గాయపడితే కట్టు కట్టే వైద్య సిబ్బంది ఉంటారు. సైకిలు పాడైతే బాగుచేసేవాళ్లు ఉంటారు. మొదటి రోజు రాత్రికి బోర్న్ అనే ఊరు చేరతారు. అక్కడ ఓడల చదువు చెప్పే కళాశాల ఉంది. రాత్రి మకాం అందులోనే. మర్నాడు చీకటితోనే లేచి మళ్లీ తొక్కుతారు.

తొక్కేవాళ్లే కాదు, సాయం చేసేవాళ్లు కూడా వేలమంది. నీళ్లు పోసేవాళ్లు, వంటలు చేసేవాళ్లు, సామాను మోసేవాళ్లు ఉంటారు. వాళ్లు కూలి తీసుకోరు. తమంతట తాము వచ్చి చేస్తారు. ఇలా చేసేవాళ్లను స్వచ్ఛంద కార్యకర్తలు అంటారు. మన అక్షర ఉద్యమంలో సాయంత్రం పూట చదువు చెప్పిన ఆడపిల్లలు, కుర్రవాళ్లు కూడా స్వచ్ఛంద కార్యకర్తలే.

దారి పొడవునా ఊళ్లవాళ్లు ఇళ్ల ముందు నిలబడతారు. చప్పట్లు కొడతారు. గంటలు మోగిస్తారు. "మీ వల్లే నేను బతికి ఉన్నాను" అని అట్టముక్కల మీద రాసి చూపేవాళ్లు కూడా ఉంటారు. ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతున్న మనిషి ఆ మాట చదివితే సైకిలు దిగుతుందా?

36 మందితో మొదలైన యాత్ర ఇది. 2024లో ఆరు వేలమందికి పైగా తొక్కారు. వాళ్లలో ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ముసలివాళ్లు ఉన్నారు. క్యాన్సర్ వచ్చి, నయమై, సైకిలు ఎక్కినవాళ్లు వందలమంది ఉన్నారు. వాళ్లంతా బోర్న్‌లో ఒకచోట చేరి కలిసి ఫొటో దిగుతారు. క్యాన్సర్ వస్తే ఇక చావే అనుకునేవాళ్లకు ఆ ఫొటో ఒక్కటే చాలు జవాబు.

ఒక్కో జట్టుకు ఒక పేరు

చాలామంది జట్లుగా తొక్కుతారు. ఒక జట్టు చనిపోయిన స్నేహితుడి పేరున తొక్కుతుంది. ఇంకో జట్టు ఆసుపత్రిలో ఉన్న తోటి ఉద్యోగి పేరున తొక్కుతుంది. చొక్కాకు ఫొటో గుచ్చుకునేవాళ్లు ఉన్నారు. సైకిలుకు పేరు రాసి కట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటున్న పిల్లలను కూడా జట్లతో కలుపుతారు. ఒక్కో జట్టుకు ఒక పాప గానీ, బాబు గానీ. ఏడాది పొడవునా జట్టువాళ్లు ఆ బిడ్డను పలకరిస్తూ ఉంటారు. యాత్ర మొదటి రోజు ఒక మజిలీలో ఆ పిల్లలు ఎదురు చూస్తూ ఉంటారు. తమ జట్టు రాగానే పరుగెత్తుకు వస్తారు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ పిల్లలందరూ బతకరు. ఎక్కువమంది కోలుకుంటారు. కొందరు వచ్చే యాత్రకు ఉండరు. అప్పుడు జట్టు ఆ బిడ్డ పేరున తొక్కుతుంది. బిల్లీ ఎంత తొక్కినా తల్లి తిరిగి రాలేదు. సైకిలు తొక్కితే పోయినవాళ్లు రారు. రేపు ఇంకో ఇంట్లో తల్లి పోకుండా, బిడ్డ పోకుండా ఉండడానికే ఈ కష్టమంతా.

డబ్బు ఎక్కడికి పోతుంది?

బోస్టన్‌లో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దాని పేరు డేనా-ఫార్బర్. అక్కడ రోగులకు వైద్యం చేస్తారు. కొత్త మందుల కోసం పరిశోధన కూడా చేస్తారు. ఆ ఆసుపత్రి కోసం విరాళాలు పోగుచేసే నిధి ఒకటి ఉంది. దాని పేరు జిమ్మీ నిధి. సైకిలు యాత్ర డబ్బు ఆ నిధికే పోతుంది.

జిమ్మీ ఎవరు? అదీ ఒక కథే.

1948లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పన్నెండేళ్ల కుర్రవాడు ఉన్నాడు. బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. కడుపులో క్యాన్సర్. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అతనికి వైద్యం చేస్తున్నాడు. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కావాలి. అందుకోసం ఆ కుర్రవాడి చేత రేడియోలో మాట్లాడించారు. అసలు పేరు బయటపెట్టకుండా జిమ్మీ అని పిలిచారు.

జిమ్మీకి బంతి ఆట పిచ్చి. రేడియోలో మాట్లాడుతుండగానే అతను అభిమానించే ఆటగాళ్లు మంచం దగ్గరికి వచ్చారు. ఆట చూడడానికి అతనికి ఒక టీవీ కావాలని రేడియోలో చెప్పారు. విన్న జనం కదిలిపోయారు. చిల్లర నాణేలు మొదలుకొని పంపసాగారు. అలా 2 లక్షల 31 వేల డాలర్లు పోగయ్యాయి. జిమ్మీకి టీవీ వచ్చింది. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు నిధి ఏర్పడింది.

ఆ తర్వాత జిమ్మీ ఏమయ్యాడో జనానికి తెలియదు. చనిపోయి ఉంటాడని చాలామంది అనుకున్నారు. యాభై ఏళ్లు గడిచాయి. 1998లో ఒక పెద్దమనిషి బయటికి వచ్చాడు. అతనే జిమ్మీ! అసలు పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్. లారీ డ్రైవరుగా బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లలను పెంచాడు. 65 ఏళ్ల వయసులో, 2001లో, పక్షవాతంతో చనిపోయాడు. చిన్నప్పుడు వచ్చిన క్యాన్సర్ అతన్ని చంపలేకపోయింది.

భీమవరం మనిషి మందు

జిమ్మీ నిధికీ, మన గోదావరి జిల్లాకూ ఒక చుట్టరికం ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. అది పేగులకు వచ్చే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ దుఃఖం ఆయన మనసులో ఉండిపోయింది. మద్రాసులో వైద్యం చదివారు. 1922లో ఓడ ఎక్కి బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ పై చదువు చదివారు.

తర్వాత ఆయన ఒక మందుల సంస్థలో చేరి పరిశోధన నడిపారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పద్ధతిని ఆయన బృందం కనిపెట్టింది. స్ప్రూ జబ్బుకు అది మందు అయింది. ఆ పేరు మనకు కొత్తది కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఏ.ఎన్.ఎం. ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. కడుపులో బిడ్డ సరిగ్గా పెరగడానికి అది అవసరం.

ఒంట్లో కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటికి కూడా అది కావాలి. అందుకని సుబ్బారావు గారి బృందం ఇంకో రకం మందు చేసింది. అది చూడడానికి ఫోలిక్ ఆమ్లం లాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. తాళం కప్పలో వేరే తాళం చెవి ఇరుక్కుపోయిందనుకోండి. అసలు చెవి దూరదు, తాళం తిరగదు. అలాగే క్యాన్సర్ కణం పెరగడం ఆగుతుంది.

ఆ మందు పేరు అమినోప్టెరిన్. డాక్టరు ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవాళ్లు. ఈ మందుతో కొందరు లేచి తిరిగారు, ఆడుకున్నారు. ఆ సంగతి 1948లో లోకానికి తెలిసింది. ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా పిల్లల రక్త క్యాన్సర్‌ను మందుతో తగ్గించవచ్చని మొదటిసారి తెలిసింది.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. ఆయనకు 53 ఏళ్లు. ఆయన చూపిన దారిలో పరిశోధన సాగింది. ఒక మందుకు ఇంకో మందు తోడైంది. అమెరికా వంటి దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ ఇప్పుడు వందకు తొంభై మందికి నయమవుతోంది. సుబ్బారావు గారి బృందం చేసిన మెథోట్రెక్సేట్ అనే మందు నేటికీ వాడుతున్నారు.

అన్నదమ్ములను పోగొట్టుకున్న తెలుగు మనిషి మందు కనిపెట్టాడు. తల్లిని పోగొట్టుకున్న అమెరికా మనిషి అలాంటి మందుల కోసం సైకిలు ఎక్కాడు. ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి పనీ ఒక ఆసుపత్రికే చేరింది.

లెక్క చక్కగా ఉండాలి

2024లో సైకిలు యాత్ర ద్వారా 7 కోట్ల 50 లక్షల డాలర్లు పోగయ్యాయి. మొదటి నుంచి లెక్క వేస్తే మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది. ఇంత డబ్బు ఎలా వచ్చింది? నమ్మకం వల్ల వచ్చింది.

తొక్కేవాళ్లు పోగుచేసిన విరాళంలో ప్రతి డాలరూ ఆసుపత్రికే పోతుంది. తిండి, నీళ్లు, మకాం ఖర్చులకు అందులోంచి తీయరు. ఆ ఖర్చులకు వేరే దారి ఉంది. తొక్కేవాళ్లు చేరేటప్పుడు రుసుము కడతారు. వ్యాపార సంస్థలు డబ్బో, సరుకులో ఇస్తాయి.

ఇంకో నియమం కూడా ఉంది. ఎంచుకున్న దారిని బట్టి ఒక్కొక్కరూ ఇంత తెస్తామని ముందే మాట ఇవ్వాలి. తక్కువ పడితే తమ డబ్బు వేసి పూర్తి చేయాలి. మాట అంటే మాటే.

పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పుస్తకంలో రాత సరిగ్గా ఉంటే సంఘం నిలుస్తుంది. పది రూపాయల లెక్క తప్పినా అనుమానం పుడుతుంది, సంఘం విరిగిపోతుంది. చందా ఇచ్చేటప్పుడు మనం కూడా అడగాలి. రసీదు ఏది? డబ్బు దేనికి ఖర్చు పెడతారు? లెక్క ఎవరు చూస్తారు? అడగడం తప్పు కాదు. చదువు నేర్చింది అందుకే.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం వద్దు

ఆ యాత్ర బోస్టన్‌లో జరుగుతుంది. జబ్బు మాత్రం అన్ని ఊళ్లలో ఉంది. మన దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చేవి రొమ్ము క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. నోటి క్యాన్సర్ కూడా ఎక్కువే. మొదట్లోనే కనిపెడితే వీటిని నయం చేయవచ్చు. సిగ్గుపడి, భయపడి దాచుకుంటే ముదిరిపోతుంది.

ఇవి గుర్తుంచుకోండి:

రొమ్ములో గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా చూపించుకోవాలి. గడ్డ నొప్పి లేదని ఊరుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పుట్టకపోవచ్చు.

ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, ముట్టుకూ ముట్టుకూ మధ్య కనిపించినా, భర్తతో కలిసిన తర్వాత కనిపించినా చూపించుకోవాలి. చెడు వాసనతో తెల్లబట్ట అవుతున్నా అంతే.

నోట్లో పుండు గానీ, తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ మూడు వారాలైనా మానకపోతే చూపించుకోవాలి.

పుట్టుమచ్చ పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా చూపించుకోవాలి. బిల్లీ తల్లికి వచ్చిన క్యాన్సర్ ఇలా కూడా మొదలవుతుంది.

ఇవి కనిపించగానే క్యాన్సర్ అని అనుకోవద్దు. చాలాసార్లు కాదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

పొగాకు, గుట్కా, జర్దా నోటిని పాడుచేస్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుంటారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు తేల్చారు. ఆ అలవాటు మానుకోవాలి.

ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, నోరు పరీక్షించే ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉంది. ఆశా కార్యకర్తను గానీ, ఏ.ఎన్.ఎం.ను గానీ అడగండి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే టీకా కూడా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే మంచిది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. రోగిని వేరుగా పెట్టవద్దు. పక్కన కూర్చోండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. తోడు వెళ్లడానికి సైకిలు కూడా అక్కరలేదు.

కొత్త మాటలు

జ్ఞాపకార్థం: గుర్తుగా
విరాళం: మంచి పనికి ఇచ్చే డబ్బు
మజిలీ: ప్రయాణంలో ఆగే చోటు
పరిశోధన: తెలియనిదాన్ని వెతికి కనిపెట్టడం
స్వచ్ఛందంగా: తమంతట తాముగా, కూలి లేకుండా
రుసుము: చేరడానికి కట్టే డబ్బు

జవాబులు చెప్పండి

1. బిల్లీ తల్లి ఏ జబ్బుతో చనిపోయింది?
2. మొదటి యాత్రలో ఎంతమంది తొక్కారు? ఎంత డబ్బు పోగుచేశారు?
3. ఊరికే విరాళం అడగడానికీ, సైకిలు తొక్కి అడగడానికీ తేడా ఏమిటి?
4. జిమ్మీ అసలు పేరు ఏమిటి? అతను ఏ పని చేసి బతికాడు?
5. సుబ్బారావు గారు ఎక్కడ పుట్టారు? ఆయన పనికీ, ఐరన్ మాత్రలకూ సంబంధం ఏమిటి?

లెక్క చేయండి

దారి 300 కిలోమీటర్లు. రెండు రోజులు సమానంగా తొక్కితే రోజుకు ఎన్ని కిలోమీటర్లు? గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే రోజుకు ఎన్ని గంటలు పడుతుంది?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో పోయినవాళ్ల పేరున ఏ మంచి పనులు జరిగాయి? వాటి వల్ల ఇప్పుడు ఎవరికి మేలు జరుగుతోంది?

మీ వీధిలో ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారు? పేర్లు రాసి చూడండి. మిగిలినవాళ్లంతా కలిసి ఏ రోజు వెళ్తారో ఆ తేదీ పక్కన రాయండి.